పాట కట్టిస్తే జబ్బు తగ్గుతుందా?

కొత్తపేట తమ్ముడు: మా అన్నయ్యకి స్కిజోఫ్రీనియా. మందులు మానకుండా వేసుకుంటాడు. ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపించడం తగ్గింది కానీ పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇక్కడొక కేంద్రంవాళ్లు ఇలాంటివాళ్లని వారానికోసారి కూర్చోబెట్టి, అందరిచేతా కలిపి పాట రాయించి బాణీ కట్టిస్తారట. ఫీజు గట్టిగానే ఉంది. ఇది వైద్యమేనా?

లెక్కల మాస్టారు: కాలక్షేపం. మెల్‌బోర్న్‌లో సరిగ్గా ఇదే చేసి చూశారు, 2014లో ఫలితాలు వచ్చాయి. 99 మంది, 13 వారాలు. తెలిసిన పాటలు పాడించారు, సొంతవి రాయించారు, స్టూడియోలో రికార్డు కూడా చేశారు. జబ్బు లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

వార్డు అక్క: సగమే చెప్పారు మాస్టారూ. అదే ప్రయోగంలో బతుకు మీద తృప్తి పెరిగింది, తమ మీద తమకి గౌరవం పెరిగింది. పైగా 2017లో కోక్రేన్‌వాళ్లు, అంటే వైద్య పరిశోధనలన్నీ పోగేసి తూచే సంస్థవాళ్లు, 18 అధ్యయనాలు, 1215 మంది వివరాలు కలిపి చూశారు. మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైతే మాట తగ్గిపోవడం, నలుగురిలో కలవకపోవడం లాంటి లక్షణాలు కాస్త మెరుగవుతున్నాయని తేల్చారు. తమ్ముడు చెప్పిన గోడకేసి చూడటం ఆ కోవలోదే. మందులు వీటి మీద అంతగా పనిచేయవు. కానీ నాలుగు వారాలకే మానేస్తే లాభం ఉండదు, నేర్పేవాళ్లకి శిక్షణ కూడా ఉండాలి.

లెక్కల మాస్టారు: ఆ 18లో ఉన్నది సంగీత చికిత్స మొత్తం, పాట రాయడం ఒక్కటే కాదు. సాక్ష్యం కూడా అంత గట్టిది కాదని వాళ్లే రాసుకున్నారు. మెల్‌బోర్న్‌లో పోల్చింది మామూలు చికిత్సతో. మరి మేలు పాట వల్లా, పదిమందితో కూర్చోవడం వల్లా? క్యారమ్స్ ఆడించినా అంతే వచ్చేదేమో!

పేరు చెప్పను: రెండూ చేసినవాణ్ణి, నాది బైపోలార్, ఉత్సాహం, దిగులు రెండూ హద్దు మీరి వచ్చిపోయే జబ్బు. క్యారమ్స్‌లో మందులకి చేతులు వణికేవాడు రోజూ ఓడిపోతాడు. పాట దగ్గర నేను “బస్సు వెళ్లిపోయింది” అన్నాను. పక్కాయన “ఇంకోటుందని ఎవరూ చెప్పలేదు” అన్నాడు. బోర్డు మీద రాశారు, అదే మా పల్లవి. ఓపీలో ఆ మాటంటే డోసు పెంచుతారు.
కాకపోతే మా కేంద్రంవాళ్లు దాన్ని వార్షికోత్సవంలో దాతల ముందు వేశారు. మమ్మల్ని అడగలేదు. నా గొంతు మా వీధివాళ్లు పోల్చుకున్నారు.

వార్డు అక్క: అది తప్పు. చికిత్సలో ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. తమ్ముడూ, చేర్చేముందు రికార్డింగ్ సంగతి తేల్చుకో.

లెక్కల మాస్టారు: జబ్బు తగ్గిస్తామని కరపత్రంలో వేశారా అన్నది కూడా.

కొత్తపేట తమ్ముడు: వేశారండీ, పెద్ద అక్షరాలతో. అడిగితే “ప్రచారం కోసం” అన్నారు. రికార్డింగ్ బయటికి పోనివ్వమని మాత్రం రాసిస్తారట. అన్నయ్యేమో పాట రాయనంటున్నాడు, డోలక్ ఉంటే వాయిస్తాడట. అలా కుదురుతుందా అక్కా?