సమస్య: మార్గశిరమున వడగాలి మండిపోయె

ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఓరుగల్లులో కుంపటి ముందు కూర్చునే నెల ఇది. అందుకని వడగాలి ఏ దేశంలో వీచిందో పద్యంలోనే తేలాలి. గణయతులతో పాటు భూగోళాన్నీ పరీక్షిస్తాం.

పూరణ 1 (హన్మకొండ)

భానుడవనికి దరిజేర పగటి వేడి
పెరిగె నాస్ట్రేలియా నేల బీటలిచ్చె
మాకు చలి యోరుగల్లున మంటలచట
మార్గశిరమున వడగాలి మండిపోయె

నిర్వాహకులు: గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. మూడో పాదం ముచ్చటగా ఉంది. చిక్కంతా మొదటి పాదంలోనే. సూర్యుడు దరికి వచ్చే మాట నిజమే: జనవరి మొదట్లో 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. కానీ దగ్గరైతే భూమి మొత్తానికీ దగ్గరే కదా, మరి మనకు చలి ఎట్లా? అసలు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. డిసెంబరు 22 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం ఓరుగల్లులో సూర్యుడు 48 డిగ్రీల పైచిలుకు ఎత్తు దాటడు. సిడ్నీలో దాదాపు 80 డిగ్రీలు. "భానుడటు నెత్తిపై నిల్వ" అనండి, యతి చెడదు.

హన్మకొండ: సవరించుకున్నాను గురువుగారూ.

పూరణ 2 (జగిత్యాల)

హర్మటానను గాలియే యముని భంగి
ఇసుక మోసుక గినియాకు నేగుదెంచ
పెదవి పగిలెను గొంతెండె పిల్లలకును
మార్గశిరమున వడగాలి మండిపోయె

కాజీపేట: నెల కుదిరింది. ఆ హర్మటాన్ గాలి సహారా నుంచి నవంబరు చివర మొదలై మార్చి దాకా వీస్తుంది. పెదవులు పగలడమూ నిజమే. కానీ అది పొడిగాలి, వడగాలి కాదు. ఒంటి చెమటను ఇట్టే ఆర్చేస్తుంది, తెల్లవారుజామున వణికిస్తుంది. పశ్చిమాఫ్రికాలోని గినియా తీరంలో ఉక్కపోతను తగ్గిస్తుందని దానికి 'డాక్టర్' అనే పేరు కూడా ఉంది. మూడు పాదాలూ నిజం చెప్పి, నాలుగోది అబద్ధమైంది. దక్షిణార్ధగోళానికి మార్చండి.

జగిత్యాల: అయితే "చిలీ" అని ఎత్తుకోవచ్చా?

నిర్వాహకులు: చిలీ, పెరూ రెండూ లగాలు (లఘువు, తర్వాత గురువు). పాదం మొదట సూర్యగణం (గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ) కావాలి, అక్కడ ఇమడవు. రెండో గణంలో "ఆ చిలీ" అంటే రగణం (గురువు, లఘువు, గురువు), సరిపోతుంది.

పూరణ 3 (కరీంనగర్)

పడమటాస్ట్రేలియా నేల పగిలిపోవ
నెర్రమట్టి మార్బల్బారు నెండ మీరి
నూట యరువది దినములు నుదురు కాల
మార్గశిరమున వడగాలి మండిపోయె

నిర్వాహకులు: చాలా బాగుంది! మార్బల్ బార్ అనే ఊరి పేరును "మట్టిమార్", "బల్బారు" అని రగణ తగణాలుగా విరవడం మంచి పనితనం.

హన్మకొండ: 160 రోజుల లెక్క ఎక్కడిది?

కరీంనగర్: 1923 అక్టోబరు 31 నుంచి 1924 ఏప్రిల్ 7 వరకు అక్కడ రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రత 37.8 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 100 ఫారన్‌హీట్‌కు, తగ్గలేదు. మార్గశిరం ఆ నడుమే వచ్చింది. 1924 లీపు సంవత్సరం, ఫిబ్రవరి 29ని వదిలేస్తే మీకు 159 వస్తుంది.