అప్‌డేట్: ఈ-రీడర్‌లో పాత పేజీ నీడలు, చీమల్లాంటి అక్షరాలు

పోయినసారి రెండు బాధలు చెప్పుకున్నాను కదా: నా 6 అంగుళాల ఈ-రీడర్‌లో పేజీ తిప్పినా పాత అక్షరాల నీడ మిగిలిపోతోందని, పీడీఎఫ్‌లు అస్సలు చదవలేకపోతున్నానని. స్క్రీన్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. పోలేదు.

ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెరలో నల్లటి, తెల్లటి రేణువులు విద్యుత్తు వల్ల పైకీ కిందికీ కదులుతాయి. పేజీ త్వరగా మారాలని తెరను మొత్తం చెరపకుండా పైపైన రిఫ్రెష్ చేసినప్పుడు కొన్ని పూర్తిగా కదలవు. అదే ఆ నీడ. సెట్టింగ్స్‌లో ప్రతి పేజీకీ పూర్తి రిఫ్రెష్ పెట్టాను. తిప్పినప్పుడల్లా తెర నల్లగా మెరుస్తుంది. రెండు రోజులు చిరాకేసింది, ఇప్పుడు పట్టించుకోవడమే లేదు. బ్యాటరీ మాత్రం కాస్త ఎక్కువ తింటుంది.

పీడీఎఫ్ సంగతి సగమే తేలింది. ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైళ్లలో అక్షరాలు పెద్దవి చేస్తే వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి. పీడీఎఫ్‌లో పేజీ ఎలా కూర్చారో అలాగే బిగుసుకుని ఉంటుంది. పైగా నావన్నీ స్కాన్ చేసినవి, అంటే ఉత్త ఫొటోలు! అంచుల్లో ఖాళీ కత్తిరించి, రీడర్‌ని అడ్డంగా తిప్పాక ఒత్తులు కనబడుతున్నాయి. ఒక్కో పేజీని రెండు మూడు ముక్కలుగా చదవాలి. మసకగా ఉన్న స్కాన్లను మాత్రం టాబ్లెట్‌కే వదిలేశాను.