నాలుగేళ్లుగా సపోర్టే, ఇంకో కోర్సు చేస్తే ఎదుగుతానా?

మాదాపూర్_మెట్రో:
జావాలో నాలుగేళ్లు కావస్తోంది, అంతా సపోర్టే. టికెట్ వస్తుంది, లాగ్ చూస్తా, సర్వీస్ రీస్టార్ట్ చేస్తా, క్లోజ్ చేస్తా. ఇంటర్వ్యూలో "ప్రాజెక్ట్‌లో మీ రోల్ ఏంటి" అంటే నీళ్లు నములుతున్నా. అమీర్‌పేటలో మైక్రోసర్వీసెస్ కోర్సులో చేరదామనుకుంటున్నా. ఉపయోగం ఉంటుందా?

పాతకాపు:
కోర్సు ఎక్కడికీ పోదు తమ్ముడూ. ముందు ఇది చెప్పు, రీస్టార్ట్ చేస్తే ఎందుకు బాగవుతోంది? చాలాసార్లు మెమరీ నిండిపోయి ఉంటుంది, లేదా థ్రెడ్లన్నీ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) దేనికోసమో కాచుక్కూర్చుని ఉంటాయి. రీస్టార్ట్ కొట్టగానే సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఈసారి కొట్టే ముందు జేస్టాక్ అనే జావా టూల్‌తో థ్రెడ్ డంప్ తీసుకో, అంటే ఏ థ్రెడ్ ఏ లైన్ దగ్గర ఉందో చూపే జాబితా. 10 సెకన్లు ఆగి ఇంకోటి. రెండింట్లోనూ అవే థ్రెడ్లు అదే లైన్ దగ్గర ఆగి ఉంటే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

మా టీమ్‌లో జరిగింది చెప్తా. నెలాఖరు వస్తే అప్లికేషన్ మొరాయించేది. డంప్‌లో చూస్తే రిక్వెస్ట్ థ్రెడ్లన్నీ డేటాబేస్ కనెక్షన్లు పంచే హికారీ పూల్ దగ్గర కనెక్షన్ కోసం క్యూ కట్టాయి. ఆ పూల్‌లో డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లే, 30 సెకన్లలో దొరక్కపోతే టైమవుట్. ఆ పదీ పట్టుకున్నదెవరయ్యా అంటే, రిపోర్ట్ జాబ్. డేటాబేస్ ట్రాన్సాక్షన్ మధ్యలో బయటి ఏపీఐకి (వేరే సిస్టమ్‌కి) కాల్ వేసి, జవాబు వచ్చేదాకా కనెక్షన్ వదిలేది కాదు. పూల్ సైజ్ 50 చేస్తే పోతుందిగా అన్నవాళ్లూ ఉన్నారు. పోదు, వాయిదా పడుతుంది. ఏపీఐ కాల్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తీశాం, అంతే. దాన్ని పట్టుకున్నది సపోర్ట్‌లో ఉన్న అమ్మాయే. తర్వాత ఆమెని డెవలప్‌మెంట్ వాళ్లు అడిగి మరీ తీసుకున్నారు.

రాత్రిషిఫ్ట్:
చెప్పడం తేలికే అన్నా. ప్రొడక్షన్ డౌన్ అయితే కాల్‌లో క్లయింట్, పక్కన మేనేజర్, "ఇంకెంతసేపు" అని ప్రాణం తీస్తారు. ఆ టెన్షన్‌లో డంపులు తీసే తీరిక ఎక్కడిది?

పాతకాపు:
అందుకే రీస్టార్ట్ స్క్రిప్ట్‌లోనే మొదట ఆ పని పెట్టించు. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మూడో_కంపెనీ:
ఇవన్నీ సరే, జీతం పెరగాలంటే కంపెనీ మారాల్సిందే. మా బ్యాచ్‌లో హైక్ కోసం ఎదురుచూసినవాళ్లు ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఫ్రిస్కో_అక్క:
మారు, ఎవరొద్దన్నారు? మారడానికైనా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా. నేనిక్కడ టెక్సస్‌లో ఇంటర్వ్యూలు తీసుకుంటుంటా. రెజ్యూమెలో టెక్నాలజీల పేర్లు చాంతాడంత ఉంటాయి, "నిన్ను బాగా తిప్పలు పెట్టిన బగ్ ఒకటి చెప్పు" అంటే చాలామంది తడబడతారు. చెప్పగలిగినవాళ్లతో గంట ఇట్టే గడిచిపోతుంది.

ఇంకోటి, కారణం దొరికాక రాసిపెట్టు. ఆర్‌సీఏ (సమస్యకి మూలకారణం చెప్పే) మెయిల్‌లో "సర్వర్ ఇష్యూ, రిజాల్వ్డ్" అని చేతులు దులుపుకోకుండా ఏం కనిపించింది, దేన్ని అనుమానించి ఎందుకు కాదనుకున్నారు, ఏ కమిట్‌తో (కోడ్ మార్పుతో) మొదలైంది, అన్నీ రాయి. కమిట్ తెలియకపోతే దాన్ని వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ కమాండ్ ఉంది. 1000 కమిట్లున్నా సగం సగం చేసుకుంటూ పోతే పది టెస్టుల్లో దొరుకుతుంది.

అమీర్‌పేట_బ్యాచ్:
కోర్సుల్ని మరీ తీసిపారేయకండి. మెకానికల్ చదివిన నాకు మొదటి ఉద్యోగం అక్కడి కోర్సు పుణ్యమే. కాకపోతే నాలుగేళ్లు చేసినవాడికి ఆ ఆన్‌లైన్ షాపింగ్ డెమో ప్రాజెక్ట్‌తో ఒరిగేదేం లేదు. అందులో నెలాఖరు లోడ్ ఉండదు, తిట్టే క్లయింటూ ఉండడు.

మాదాపూర్_మెట్రో:
అన్నా, ఇవాళ ట్రై చేశా. మా అప్లికేషన్ నడిచే కంటైనర్‌లో జేస్టాక్ లేనే లేదు, కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది.

పాతకాపు:
ఆ కంటైనర్ ఇమేజ్‌లో జావా నడపడానికి సరిపోయే జేఆర్ఈ ఒక్కటే పెట్టి ఉంటారు, జేస్టాక్ డెవలపర్ల కిట్ అయిన జేడీకేతో వస్తుంది. కిల్ మైనస్ 3 అని, పక్కన ప్రాసెస్ ఐడీ ఇచ్చి కొట్టు. పేరు చూసి హడలిపోకు, ప్రాసెస్ చావదు. డంప్ మామూలుగా కంటైనర్ లాగ్‌లోకే వస్తుంది. అలవాటు కొద్దీ 9 మాత్రం కొట్టకు, అది నిజంగానే చంపేస్తుంది.