సెయింట్ లూయిస్‌కి కొత్తగా వస్తున్నాం, ముందేం చూసుకోవాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నెలాఖరుకి న్యూజెర్సీ నుంచి కారుతో సహా సెయింట్ లూయిస్ మారుతున్నాం. నేను, మా ఆవిడ, మూడేళ్ల పాప. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ముందు ఏ పని చూసుకోవాలి? శని ఆదివారాలు పాపని ఎక్కడ తిప్పాలి?

జవాబు: తమ్ముడూ, ముందు నీ అపార్ట్‌మెంట్ సిటీలో ఉందా, కౌంటీలో ఉందా కనుక్కో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1876లోనే సెయింట్ లూయిస్ సిటీ కౌంటీ నుంచి వేరుపడింది. ఎవరి ఆఫీసులు వాళ్లవే. కౌంటీలో చాలా ఇళ్ల అడ్రసులో కూడా సెయింట్ లూయిస్ అనే ఉంటుంది, అందుకే కొత్తవాళ్లం బోల్తాపడతాం.

కారు ఉందన్నావు కాబట్టి ఇది నీకు మొదటి వారంలోనే తగులుతుంది. మన మిస్సోరీ రాష్ట్రంలో జనవరి 1న నీ పేరు మీదున్న బండికి ఏటా పర్సనల్ ప్రాపర్టీ ట్యాక్స్ కట్టాలి, గడువు డిసెంబర్ 31. రిజిస్ట్రేషన్‌కి ఆ రసీదు అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర రసీదు ఉండదుగా, అందుకని పన్ను లెక్కగట్టే అసెసర్ ఆఫీసు నుంచి, నీకు ఆ పన్ను పడలేదని చెప్పే 'వేవర్' అనే కాగితం తెచ్చుకోవాలి. వచ్చాక 30 రోజుల్లో కారు ఇక్కడికి మార్పించుకోవాలి, నాన్చకు.

నేను ఆ వేవర్ కోసం నేరుగా సిటీ హాల్‌కి వెళ్లా. లైన్లో నిలబడి నా వంతు వచ్చాక, కిటికీ అవతల ఆవిడ నా లీజు కాగితం చూసి "మీది కౌంటీ, క్లేటన్ వెళ్లండి" అంది. కౌంటీ ఆఫీసులు ఉండేది అక్కడ. సగం రోజు లీవు పోయింది. ఒకటే లాభం, ఆ బిల్డింగ్ తీరిగ్గా చూశా. పారిస్ సిటీ హాల్ పోలికలో కట్టారట. అదే రోడ్డు మీద కాస్త ముందుకెళితే 1894 నాటి యూనియన్ స్టేషన్. ఇప్పుడందులో అక్వేరియం ఉంది, పాపకి నచ్చుతుంది.

పాపతో ఎక్కువగా వెళ్లేది మాత్రం ఫారెస్ట్ పార్కుకే. జూ, ఆర్ట్ మ్యూజియం, హిస్టరీ మ్యూజియం, మూడూ ఫ్రీ. నువ్వు కట్టే కారు పన్నులో కొంత వెళ్లేది వాటికే, మొహమాటపడకు. జూ పార్కింగ్‌కి డబ్బులు తీసుకుంటారు. 1904 వరల్డ్స్ ఫెయిర్‌కి కట్టిన పెద్ద పక్షుల పంజరం ఇంకా జూలోనే ఉంది, లోపల నడిచి వెళ్లొచ్చు.

ఊరికి గుర్తుగా నిలిచిన గేట్‌వే ఆర్చ్ ఎత్తు 630 అడుగులు. పైకెళ్లే డబ్బాలో ఐదుగురు మోకాళ్లు తగిలేలా కూర్చోవాలి. ఇరుకంటే భయమున్నవాళ్లు కిందే ఉండటం మేలు. ఎదురుగా ఓల్డ్ కోర్ట్‌హౌస్ వదలొద్దు. బానిసత్వం నుంచి విడుదల కావాలని డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హారియట్ 1846లో కేసు వేసింది అక్కడే.

ఇంకో జవాబు: అన్నయ్య టోర్నడో (సుడిగాలి) హెచ్చరిక సైరన్ల సంగతి మర్చిపోయారు. కౌంటీలో నెలనెలా మొదటి సోమవారం పొద్దున 11కి మోగేది టెస్ట్, టెన్షన్ పడకండి. అలాగని సైరన్నే నమ్ముకోవద్దు. 2025 మే 16న టోర్నడో వచ్చినప్పుడు సిటీలో సైరన్లు మోగలేదు. ఫోన్లో అలర్ట్స్ ఆన్ చేసుకోండి. టోర్నడో వస్తే తలదాచుకోడానికి కింది ఫ్లోర్‌లో కిటికీల్లేని గది ఏదో ఇల్లు చూసేటప్పుడే గమనించండి.

గుడి బాల్విన్ దగ్గర వైడ్‌మన్ రోడ్డులో ఉంది. కూరగాయలకి శనివారం సులార్డ్ మార్కెట్ బావుంటుంది. టెడ్ డ్రూస్ అనే కస్టర్డ్ షాపులో 'కాంక్రీట్' (బాగా చిక్కటి షేక్) అడిగితే కప్పు తలకిందులు చేసి చూపించి మరీ ఇస్తారు, చుక్క జారదు. పాప కేరింతలు కొడుతుంది. మీరు గుడ్డు తినకపోతే మాత్రం ముందే అడగండి, అది ఐస్‌క్రీమ్ కాదు, గుడ్డు సొన కలిపే కస్టర్డ్.