ఆన్‌లైన్ వైవా తీసుకుంటే ఇంత అలసట ఎందుకు? ఎగ్జామినర్లు ఎవరైనా చెప్పండి

ప్రశ్న అడిగినవారు: మత్తు డాక్టర్

అందరికీ నమస్కారం. అనస్థీషియాలో పీజీ వైవాలు (నోటితో అడిగే పరీక్షలు) తీసుకోవడం మొదలుపెట్టి నాకు 11 ఏళ్లు. గదిలో కూర్చుని రోజుకు 16 మందిని అడిగినా సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, గొంతు బొంగురుపోతుంది, అంతే. రాత్రి నిద్రపోతే సరి. అదే ఆన్‌లైన్‌లో 10 మంది అయ్యేసరికి బుర్ర మొద్దుబారిపోతోంది. "ఇంట్లో కుర్చీలో కూర్చునే కదా, ప్రయాణం కూడా లేదు, ఇంకేం కష్టం" అంటారు ఇంట్లోవాళ్లు. నాకూ జవాబు తెలియదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పోయినసారి జరిగింది చెబుతాను. అనాఫిలాక్సిస్ కేసు, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. పెద్దవాళ్లకు అడ్రినలిన్ ఎంత, ఎక్కడ ఇస్తావని అడిగాను. అభ్యర్థి నోరు తెరవగానే గరగరమని చప్పుడు. ఆ తర్వాత నాకు వినబడింది ఇది: "... ఐదు మిల్లీగ్రాములు, ఐఎం, తొడ బయటి వైపు." ఐఎం అంటే కండలోకి ఇంజెక్షన్, అది సరే. ముందు "పాయింట్" అన్నాడా, అనలేదా? అని ఉంటే 0.5 మిల్లీగ్రాములు, సరైన జవాబు. అనకపోయి ఉంటే పది రెట్లు డోసు. ఒకటి పాస్, ఇంకోటి పేషెంటు ప్రాణం తీసే తప్పు. మధ్యలో ఉన్నది ఒక్క గరగర.

"మళ్లీ చెప్పు" అనొచ్చు కదా అంటారేమో. వైవాలో ఆ మాటకు ఎంత బరువుందో పరీక్ష రాసినవాళ్లందరికీ తెలుసు. తప్పు చెప్పినవాడు పసిగట్టి దిద్దుకుంటాడు. ఒప్పు చెప్పినవాడు బెదిరిపోయి మార్చేస్తాడు. ఏం చేయాలో తోచక కాసేపు ఊరుకుని, "1:1000 ఆంప్యూల్‌లోంచి ఎన్ని ఎంఎల్ తీస్తావు?" అని అడ్డదారిలో అడిగాను. "అర ఎంఎల్" అన్నాడు. ఆ ఆంప్యూల్‌లో (మందు ఉండే చిన్న గాజు సీసా) ఒక ఎంఎల్‌కు ఒక మిల్లీగ్రాము ఉంటుంది, అంటే 0.5 మిల్లీగ్రాములే. నా ప్రాణం కుదుటపడింది. అయితే ఈ ఒక్క ముక్క తేల్చుకోవడానికి దాదాపు ముప్పావు నిమిషం పోయింది. అడగాల్సిన చివరి ప్రశ్న ఎగిరిపోయింది. దానికి మార్కులు ఎలా వేయాలా అని తర్వాతి అభ్యర్థి వచ్చాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి చెప్పిన మొదటి రెండు వాక్యాలు నా చెవికి ఎక్కనే లేదు.

నిజంగా ఆన్‌లైన్‌లో పని ఎక్కువా, లేక నా వయసా?

—

జవాబు: పాఠాలు చెప్పే మనిషి

వయసు కాదు సార్. మీరు అలసట అని ఒకే మూటగా కడుతున్నదాన్ని విప్పి చూడాలి. పనిభారం కొలవడానికి నాసా టీఎల్‌ఎక్స్ అని ఒక ప్రశ్నావళి ఉంది. 1988లో హార్ట్, స్టేవ్‌లాండ్ అనే ఇద్దరు ప్రచురించారు. మొదట విమానయానం, అంతరిక్షం కోసం తయారైనా ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లలోనూ వాడుతున్నారు. అందులో ఆరు అంశాలు: మెదడుకు ఎంత పని, ఒంటికి ఎంత పని, సమయం ఎంత తరిమింది, పని ఎంత బాగా చేశాననిపించింది, ఎంత కష్టపడాల్సి వచ్చింది, ఎంత చిరాకేసింది. గదిలో వైవా అయ్యాక ఒకసారి, ఆన్‌లైన్ అయ్యాక ఒకసారి నింపి చూడండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గదిలో ఒంటి పని దగ్గర గీత పైకి వెళ్తుంది. ఆన్‌లైన్‌లో అది కిందికి దిగి, మెదడు, సమయం, చిరాకు మూడూ పైకి లేస్తాయని నా అనుమానం. మొత్తం కలిపి చూస్తే రెండూ ఒకేలా కనిపించినా, లోపల ఉన్న సరుకు వేరు.

మాటల సంగతి కూడా చూడండి. మామూలు సంభాషణలో ఒకరు ఆపి ఇంకొకరు అందుకునే మధ్య ఖాళీ సుమారు 200 మిల్లీసెకన్లు. పది భాషల్లో చూసినా కాస్త అటూఇటూగా అంతే వచ్చింది. ఫోన్, వీడియో మాటలు ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. అంటే అంతా సవ్యంగా ఉన్నా, మాట వెళ్లి జవాబు రావడంలోనే ఆ సహజమైన ఖాళీకి ఇంకో ఖాళీ తోడవుతుంది. మీకేమో అభ్యర్థి తడబడుతున్నట్టు అనిపిస్తుంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు, ఇంకా మీదాకా రాలేదు. ఈలోగా మీరు ఇంకో ప్రశ్న మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఆగుతారు, "చెప్పండి చెప్పండి". రోజంతా ఇదే.

—

జవాబు: పాతకాపు

నేను కాస్త అడ్డం తగులుతాను, ఏమనుకోకండి. గదిలో వైవా అంటే ఇప్పుడందరికీ తియ్యగా గుర్తొస్తోంది. క్లినికల్ పరీక్షలో నిజమైన పేషెంట్లను పెట్టుకున్న రోజులు మరిచిపోయారా? గుండె మర్మర్ (గుండె చప్పుడులో తేడా) ఉన్న పెద్దాయన మధ్యాహ్నానికి అలిసిపోయి "ఇంక నన్ను ముట్టుకోవద్దు" అంటాడు. ఆయనకు సర్దిచెప్పాలి, అభ్యర్థి చెయ్యి ఎక్కడ పెడుతున్నాడో చూడాలి, గంట కొట్టేలోపు మార్కులు వేయాలి. 1975లో హార్డెన్ బృందం ఓస్కీ (అభ్యర్థులు ఒక్కో స్టేషన్‌కు వెళ్తూ, అందరూ అవే ప్రశ్నలు ఎదుర్కొనే క్లినికల్ పరీక్ష) తెచ్చాక అందరికీ ఒకే కొలత వచ్చింది, మంచిదే. ఎగ్జామినర్‌కు మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే స్టేషన్, ఒకే ప్రశ్న. ఇరవయ్యోసారి అదే జవాబు వింటుంటే, విన్నది ఈ పిల్లాడి నోటినుంచా, ఇందాకటివాడి నోటినుంచా అని నాకే అనుమానం వచ్చేది.

ఇంకోటి. బ్రహ్మాండంగా చెప్పినవాడి వెనకాల వచ్చినవాడు పాపం, మామూలుగా చెప్పినా తేలిపోతాడు. ఇది గదిలోనూ ఉంది, తెరమీదా ఉంది. మనం అలిసేకొద్దీ ఎక్కువవుతుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. గదిలో అభ్యర్థి లేచి తలుపుదాకా నడిచి వెళ్లేవాడు. ఇంకొకడు నడిచి వచ్చేవాడు. ఆ పది అడుగుల్లో నేను పెన్ను కింద పెట్టి మెడ తిప్పుకునేవాణ్ని. తెరమీద ఒక మొహం మాయమయ్యీ కాకముందే ఇంకో మొహం ప్రత్యక్షం.

—

జవాబు: పరీక్షల డ్యూటీ

నేను డాక్టర్ని కాదు, ఆన్‌లైన్ పరీక్షల నిర్వహణ చూస్తాను. తెర వెనకనుంచి నాకు కనబడేది చెబుతా. ఎగ్జామినర్లు చేయాల్సినవి రెండు పనులు: అడగడం, మార్కులు వేయడం. వాళ్లు మూడోది కూడా చేస్తుంటారు, అది మా పని. "మీ మైక్ ఆన్ చేయండి", "ఈసీజీ కనబడుతోందా", "మీ వెనకాల ఎవరైనా ఉన్నారా". కొందరు ఎగ్జామినర్లు ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను నెట్ సిగ్నల్ మీద వేసుకుని కేసు అడుగుతుంటారు!

మేం మార్చినవి చెబుతా. ప్రతి గదికీ సాంకేతిక మనిషి ఒకరు ఉంటారు. ఎగ్జామినర్ నోట "మైక్" అనే మాట రాకూడదన్నది నియమం. ఇద్దరు ఎగ్జామినర్లలో ఒకరు అడుగుతుంటే ఇంకొకరు రాస్తారు, తర్వాతి అభ్యర్థికి తారుమారు. మాట తెగితే గడియారం ఆపేది మేమే, ఎగ్జామినర్ కాదు. ఎంతసేపు తెగితే ఎంత సమయం తిరిగివ్వాలో ముందే కాగితం మీద రాసి ఉంటుంది, అప్పటికప్పుడు పంచాయితీ ఉండదు. ఇద్దరు అభ్యర్థుల మధ్య మార్కుల షీట్ సబ్మిట్ అయ్యేదాకా తర్వాతివాళ్లను లోపలికి పంపం. దీనివల్ల రోజుకు చేసే అభ్యర్థుల సంఖ్య తగ్గింది, పైవాళ్లు గొణిగారు. గొణగనీ.

తెరమీద మీ మొహం మీకు కనబడకుండా దాచేయండి. రోజంతా అద్దం ముందు కూర్చుని పనిచేసినట్టు ఉంటుంది అది. వీడియో కాల్స్ ఎందుకు అలిసిపోయేలా చేస్తాయో 2021లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బేలెన్సన్ చెప్పిన నాలుగు కారణాల్లో ఇదొకటి. కదలకుండా ఒకే చట్రంలో కూర్చోవడం ఇంకొకటి.

—

జవాబు: నిన్నమొన్న పాసైనదాన్ని

మా వైపునుంచి ఒక్క మాట. మీరు తల దించి రాసుకుంటుంటే గదిలో అయితే పెన్ను కనబడుతుంది. తెరమీద నెత్తి మాత్రమే కనబడుతుంది. నేనేదో ఘోరమైన తప్పు చెప్పానని టెన్షన్ పడి, సరిగ్గా చెప్పిన జవాబును వెనక్కి తీసుకున్నాను. "నేను రాసుకుంటుంటాను, మీరు ఆపకండి" అని మొదట్లోనే చెబితే మాకూ, మీకూ సుఖం.

—

ప్రశ్న అడిగినవారు: మత్తు డాక్టర్

అందరికీ చాలా థాంక్స్. పాతకాపు గారూ, ఆ పెద్దాయన మాట చదివి నవ్వుకున్నాను, నాకూ అలాంటి ఒకాయన తగిలాడు.

నిన్న మాక్ వైవా పెట్టుకున్నాం, ఆరుగురు అభ్యర్థులతో. నా మొహం దాచేశాను, మైక్ గొడవ ఇంకొకరికి అప్పజెప్పాను. ముగ్గురిని నేను అడిగాను, ముగ్గురికి నేను రాశాను. అయ్యాక టీఎల్‌ఎక్స్ కాగితం నింపితే చిరాకు దగ్గర గీత బాగా కిందికి దిగింది. మెదడు పని మాత్రం పెద్దగా దిగలేదు. ఊరికే రాస్తూ కూర్చున్న మూడుసార్లు తెలిసింది ఏంటంటే, అడిగేటప్పుడు నేను అభ్యర్థి జవాబులో సగమే వింటున్నాను, మిగతా సగం సమయం తర్వాతి ప్రశ్న కట్టుకుంటున్నాను. ఇది గదిలోనూ చేసేవాణ్నేమో. అక్కడ ఎదుటి మనిషి మొహం చూసి ఆ సగం పూడ్చుకునేవాణ్ని అనుకుంటా.

రాసేది చెప్పేశాను అమ్మా, మొదట్లోనే. ఒకబ్బాయి "థాంక్యూ సార్" అని ఊపిరి వదిలాడు.

ఇక ఆ "పాయింట్" సమస్య. డోసుల్లో "పాయింట్ ఐదు" బదులు "అర" అనమని అభ్యర్థులకు ముందే చెబుదామా అంది నా కో-ఎగ్జామినర్. అలా చెబితే జవాబులో అర ఉందని మనమే చెప్పేసినట్టు కదా తల్లీ అన్నాను. చివరికి సూచనల్లో ఒక వాక్యం చేర్చాం: ఏ మందు డోసు చెప్పినా, ఏ ఆంప్యూల్‌లోంచి ఎన్ని ఎంఎల్ తీస్తారో కూడా చెప్పాలి.