"చిన్న ఒడ్డుకు లోతు తెల్వదు": కు నా, న నా?

వాడపల్లి మనవడు: మూడు ముక్కలాటలో ఎవరైనా చిల్లర పందెం వేస్తే మా తాత "చిన్న ఒడ్డుకు లోతు తెల్వదు, పెద్ద ఒడ్డుకు..." అని ఏదో అనేవాడు. రెండో సగం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఎవరికైనా తెలుసా?

దేవరకొండ అక్క: "ఒడ్డుకు" కాదు తమ్ముడూ, "ఒడ్డున". మీది కృష్ణలో మూసీ కలిసే ఊరు. ఒడ్డున నిలబడితే లోతేం తెలుస్తుంది? ఏటి మాటను మీ తాత పేకాటలోకి లాక్కొచ్చాడు.

పాలమూరు పంతులు: ఏటి ఒడ్డయితే "చిన్న" ఎందుకమ్మా? "కు" నే. ప్రాణాలొడ్డి అంటామే, ఆ ఒడ్డు, అంటే పందెం. నా లెక్కలో చిన్న ఒడ్డంటే బ్లైండ్, ముక్కలు చూడకుండా వేసే పందెం. ముక్కలు చూసినవాడు దానికి రెట్టింపు కట్టాలి. బ్లైండ్ ఆడేవానికి తన ముక్కలే తెలియవు, ఎదుటివాని లోతేం తెలుస్తుంది!

మిర్యాలగూడ తమ్ముడు: సార్, పరిమితి లేని పోకర్‌లో పందెం ఎంతన్నది మన ఇష్టం, అక్కడైతే తాత మాట ఇంకా బాగా అతుకుతుంది. చింతగింజలతోనే ఆడతాం, భయపడకండి. మధ్యలో 100 గింజలున్నాయి. నేను 25 వేస్తే ఎదుటివాడు 25 కట్టి 125 కోసం ఆడతాడు. ఆరింట ఒక్కసారి గెలిచినా వానికి నష్టం లేదు. చెత్త ముక్కలున్నోడు కూడా ఉంటాడు, నాకేం తెలిసినట్టు? అదే 100 వేస్తే వాడు మూడింట ఒకసారి గెలవాలి. బలం లేనోడు పడేస్తాడు, ఉన్నోడి చేతిలో ఏదో ఉందన్నమాట. కాకపోతే ఆ సంగతి తెలియడానికి నా 100 గింజలు పోవచ్చు. అందుకే ఉత్తగా తెలుసుకోవడానికే పెంచకూడదు. పందేనికి వేరే పని ఉండాలి, ఎదుటివాని గుట్టు కొసరుగా రావాలి.

దేవరకొండ అక్క: ఒడ్డడమంటే వల పన్నడం కూడా. సన్న కన్ను వలలో చిన్న పరక చేపలూ పడతాయి, పెద్ద కన్ను వలలో పెద్ద చేపే ఆగుతుంది. "పెద్ద ఒడ్డుకు పరక నిలవదు" అయ్యుంటుందా?

పాలమూరు పంతులు: బాగుంది గానీ మీరే కట్టినట్టుంది. పైగా వల అంటే మీరూ "కు" ఒప్పుకున్నట్టే.

దేవరకొండ అక్క: నేనేం ఒప్పుకోలేదు.

పాలమూరు పంతులు: పందెం పెట్టే ఒడ్డు, పోగొట్టుకునే ఓడు కలిపేయకండి, అసలు సంగతి అక్కడుంది. ద్రౌపది "నన్నోడి తన్నోడెనా, తన్నోడి నన్నోడెనా" అంటుంది. కొందరు "నన్నొడ్డి" అని చదువుతారు. ఒక్క డకారం జారితే సభలో వాదమే మారిపోతుంది! తన్ను ఓడినవానికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఉందా అన్నదే కదా ప్రశ్న. నన్నయ దగ్గర ఇలాంటివి ఎత్తుకుంటే తెల్లారిపోతుంది.

మిర్యాలగూడ తమ్ముడు: అదే భారతంలో నలుడు ఋతుపర్ణుని దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు కదా. అంటే పాచికల గుట్టా, ఎదుటివాని గుట్టా?

పాలమూరు పంతులు: పాచికలదే. బదులుగా నలుడు అశ్వహృదయం, అంటే గుర్రాల గుట్టు ఇచ్చాడు. ఎదుటివాని గుట్టు ఎవడూ నేర్పడు తమ్ముడూ.

వాడపల్లి మనవడు: మా పెద్దమ్మకు ఫోన్ చేశా. "మీ తాత రోజూ ఓడిపోయి వచ్చేటోడు, ఆయన మాటలు ఎందుకురా నీకు" అంది. మొదటి సగం మాత్రం చెప్పింది.

దేవరకొండ అక్క: కు అందా, న అందా? అది చెప్పు ముందు.