ఖాతా తెరవాలంటే ఐడీ కార్డు తప్పనిసరి చేస్తే నకిలీ ప్రొఫైళ్లు ఆగుతాయా?

గోదావరి_గట్టు
కలెక్టర్ ఫొటోతో ఫేస్‌బుక్‌లో రిక్వెస్ట్ వస్తుంది. ఒప్పుకున్నాక కుశల ప్రశ్నలు, తర్వాత మన ఫోన్ నంబర్. ఆ తర్వాత "మా ఫ్రెండ్ సీఆర్పీఎఫ్ ఆఫీసర్, ట్రాన్స్‌ఫర్ అయింది, సోఫా, ఫ్రిజ్ చవగ్గా ఇచ్చేస్తున్నాడు" అని మెసేజ్. ఏళ్లుగా దేశమంతా ఇదే కథ. ఐపీఎస్‌ల పేర్లతోనూ నడిపారు. సిమ్‌కి గుర్తింపు పత్రం అడుగుతున్నాం కదా, ఖాతాకి ఎందుకు అడగకూడదు? మీరేమంటారు?

పాత_కీబోర్డు
దక్షిణ కొరియా ఇది చేసి చూసింది. పెద్ద సైట్లలో రాయాలంటే అసలు మనిషివేనని నిరూపించుకోవాలని 2007లో రూల్ పెట్టారు. 2011లో అక్కడి నేట్, సైవరల్డ్ అనే సైట్లు హ్యాకై దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ దేశ జనాభాయే 5 కోట్లు! 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ రూల్‌ని కొట్టేసింది. ఇక సిమ్ సంగతంటారా, ఎవరో అమాయకుడి పేరు మీద తీసిన సిమ్‌లతోనే కదా మనకి ఫోన్లు వస్తున్నది.

గోదావరి_గట్టు
వివరాలు దాచుకోవడం వాళ్ల తప్పు. చూసి వదిలేయమనండి. మన 2021 ఐటీ నిబంధనల్లోనే, కావాలనుకున్నవాళ్లు ఫోన్ నంబర్ లాంటిదానితో ఖాతా ధ్రువీకరించుకుంటే ఒక గుర్తు ఇవ్వాలని ఉంది. దాన్ని తప్పనిసరి చేయమంటున్నానంతే.

టిక్కు_టక్కరి
ఆ గుర్తు కథ కూడా చూద్దాం. టోనీ లా రుసా అనే బేస్‌బాల్ మేనేజర్ తన పేరుతో ఎవరో ఖాతా తెరిచారని కేసు వేశాక, 2009లో ట్విట్టర్, ఖాతా అసలైనదేనని చెప్పే నీలం టిక్కు మొదలుపెట్టింది. 2022 నవంబర్‌లో అదే టిక్కుని నెలకి 8 డాలర్లకి అమ్మారు. ఎవరో ఇన్సులిన్ తయారుచేసే ఎలీ లిల్లీ కంపెనీ పేరుతో కొనుక్కుని "ఇన్సులిన్ ఇక ఉచితం" అని పోస్ట్ చేస్తే, అసలు కంపెనీ జనానికి సారీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరూ చూడకుండా ఇచ్చే టిక్కు కన్నా అసలు టిక్కే లేకపోవడం నయం.

మధిర_మేడమ్
పేరు బయటపెట్టకుండా రాసుకునే ఆడపిల్లలు బోలెడుమంది ఉన్నారు, వాళ్లని కార్డు చూపించమంటే రాయడమే మానేస్తారు. నేనైతే ఒప్పుకోను.

చూడాల్సింది వేరే ఉంది. పైన లావుగా కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. కింద సన్నగా ఉండే యూజర్‌నేమ్ చదవండి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెడితే కంటికి తేడా తెలీదు. ఇన్‌స్టాలో పెద్దక్షరాలు ఉండవు కాబట్టి అక్కడ చుక్కో, అండర్‌స్కోరో ఒకటి ఎక్కువ పెడతారు, లేదంటే ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన. అనుమానమొస్తే ఆ యూజర్‌నేమ్‌ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేరే ఫాంట్‌లో చూడండి, దొరికిపోతుంది. ఇన్‌స్టాలో "ఈ ఖాతా గురించి" నొక్కితే ఎప్పుడు తెరిచారో కనిపిస్తుంది. పదేళ్లుగా ఉద్యోగంలో ఉన్న ఆఫీసర్ ఖాతా పోయిన నెలలో పుట్టిందంటే ఇంకేం కావాలి?

అన్నిటికన్నా గట్టి పరీక్ష, లింకు వెనక్కి వెళ్తుందా లేదా అన్నది. ప్రొఫైల్‌లో ఆఫీసు సైట్ లింకు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ సైట్ నుంచి ఈ ప్రొఫైల్‌కి లింకు ఉందా చూడండి. gov అని పేరు మధ్యలో ఎక్కడో ఉంటే చాలదు, సైట్ పేరు చివర, అంటే మొదటి స్లాష్‌కి ముందు, డాట్ గవ్ డాట్ ఇన్ ఉండాలి.

లింగంపల్లి_లోకల్
మేడమ్, ఇవన్నీ మీరూ నేనూ చూస్తాం. మా పెద్దమ్మ చూడదు. ఫొటో కనిపిస్తే నమస్తే పెడుతుంది. పైగా ఫేస్‌బుక్‌లో నకిలీవాడు ముందు చేసే పని అసలు మనిషిని బ్లాక్ చేయడం. అందుకే ఊరంతా చూశాక గానీ ఆయనకి తెలీదు.

కార్డులు, టిక్కులు అటుంచి, ఉన్న రూల్ నడిపించమనండి. తన పేరుతో నకిలీ ఖాతా ఉందని బాధితుడు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీయాలని 2021లోనే రాశారు, 2026లో దాన్ని రెండు గంటలకి కుదించారు. ఆన్‌లైన్‌లో వేరేవాళ్లలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది.

గోదావరి_గట్టు
తీస్తారు అన్నా. సాయంత్రానికి ఇంకోటి తెరుస్తాడు. అందుకే గుమ్మం దగ్గరే ఆపమంటున్నా.

మధిర_మేడమ్
సరే, అందరికీ వద్దు. పదవిలో ఉన్నవాళ్లకి తప్పనిసరి చేయండి: కలెక్టర్, ఎస్పీ తమ ఖాతాల లింకులన్నీ జిల్లా సైట్‌లో పెట్టాలి. మా జిల్లా సైట్ ఇప్పుడే తెరిచాను. కలెక్టర్ గారి ఫొటో ఉంది, ఖాతా లింకు ఒక్కటీ లేదు. మీ జిల్లాలది కూడా చూసి ఇక్కడ రాయండి.